జేబులో ఎంతుందో రాశావా?

"ఇంతకీ దాంట్లో నీకెంత వస్తుందే?"

పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలెవరు కలిసినా నన్నడిగే మూడో ప్రశ్న ఇదే. మొదటిది 'బావున్నావా', రెండోది 'పిల్లాడేం చదువుతున్నాడు'. 'దాంట్లో' అంటే నా బ్లాగు, నాన్నతో కలిసి చేసే పాడ్‌కాస్టు అన్నమాట. ఇన్నాళ్లూ నవ్వేసి తప్పించుకున్నాను. ఈవారం మాత్రం అణాపైసలతో సహా లెక్క చెప్పేస్తాను.

బ్లాగు మొదలెట్టింది 2011లో. అప్పుడు జర్నలిజం డిప్లొమా చదువుతూ విజయవాడ హాస్టల్లో ఉండేదాన్ని. నాన్న బందరు డిపోలో ఆర్టీసీ కండక్టరు. ఆదివారాలు ఆయన బస్సులోనే ఇంటికెళ్లేదాన్ని. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు... ఒక్కో ఊళ్లో ఎక్కేవాళ్లది ఒక్కో కథ. కోడిపిల్లల గంపకి టిక్కెట్టెందుకని దెబ్బలాడే మామ్మ, చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగిపోతే పరీక్షకు టైమైపోతోందని ఏడ్చిన కుర్రాడు. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, లేఖినిలో టైపు చేసి అవన్నీ బ్లాగులో పెట్టేదాన్ని. చదివేవాళ్లు రోజుకు ముప్ఫైమంది ఉంటే పండగే.

ఇక డబ్బుల సంగతి. గూగుల్‌ యాడ్‌సెన్స్‌లో తెలుగుకు చోటు దొరికిందే 2018లో. అంటే మొదటి ఏడేళ్ల రాతలకూ రాబడి గుండుసున్నా. ఆ తరవాత నాలుగేళ్లకి నా ఖాతాలో చేరింది 63 డాలర్లు. వంద నిండితేగానీ ఆ డబ్బు మన చేతికి రాదు. మావారు ఆ అంకె చూసి, "కరెంటు బిల్లు కూడా గిట్టలేదు కదోయ్" అన్నారు. అన్నది నిజమే. కోపమొచ్చినా మాట్లాడలేదు.

అమెరికాలో డాక్ సర్ల్స్ అని పేరున్న బ్లాగరు, పాత్రికేయుడు ఒకాయన ఉన్నారు. బ్లాగుతో సంపాదించడం వేరు, బ్లాగు వల్ల సంపాదించడం వేరు అన్నది ఆయన చెప్పే మాట. మన తెలుగులో 'తో', 'వల్ల' అనే రెండు విభక్తుల్లో ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. మొదటిది ప్రకటనల డబ్బు. రెండోది మన రాత చదివి, మన మాట విని, ఎవరో ఇచ్చే పని.

జూలీ పావెల్ అనే న్యూయార్క్ ఉద్యోగిని 2002లో ఓ బ్లాగు మొదలెట్టింది. జూలియా చైల్డ్ వంటల పుస్తకంలోని 524 వంటకాలూ ఏడాదిలో వండేస్తానని పందెం కట్టుకుంది. 2005లో ఆ బ్లాగు పుస్తకమైంది, 2009లో సినిమా వచ్చింది. ఆండీ వెయర్ తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయమే ఉచితంగా పెట్టిన 'ద మార్షియన్' నవల 2015లో హాలీవుడ్ సినిమా అయింది. అంతదూరం ఎందుకు, జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ లేదూ! యూట్యూబ్‌లో 'మై విలేజ్ షో'తో ఊరూవాడా ఎరిగిన మనిషైంది. ఆ పేరే ఆమెను సినిమాల్లోకీ, 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకీ తీసుకెళ్లింది.

నాకు సినిమా రాలేదు లెండి! ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్తే ఎడిటర్‌గారి బల్ల మీద నా సర్టిఫికెట్లు లేవు. కోడిపిల్లల మామ్మ కథ ప్రింటు తీసి ఉంది. "ఇది నువ్వే రాశావా?" అనడిగారు. అంతే ఇంటర్వ్యూ. తరవాత బ్లాగు చూసే ఒక సంస్థవాళ్లు అనువాదాలు ఇచ్చారు. ఆఫీసులో అనుమతి తీసుకుని రాత్రిళ్లు చేసేదాన్ని. బాబు స్కూలు ఫీజు రెండేళ్లు అందులోంచే కట్టాం. యాడ్‌సెన్స్ ఖాతాలో ఇదేదీ కనపడదు.

నాన్న 2018లో రిటైరయ్యారు. ముప్ఫయ్యొక్కేళ్లు నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి కుర్చీలో కూర్చోలేకపోయారు. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, స్నానం చేసి, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేక వరండాలో కూర్చునేవారు. మెల్లగా మాటలు తగ్గిపోయాయి. "మీ నాన్న రోజంతా నాలుగు మాటలు కూడా మాట్లాడట్లేదే" అని అమ్మ ఫోన్లో ఏడ్చింది. 2021లో ఓ సెలవు రోజు ఫోను ఆయన ముందు పెట్టి, "నాన్నా, ఆ తుపాను రాత్రి బస్సు సంగతి మళ్లీ చెప్పవా" అన్నాను. నలభై నిమిషాలు ఆపకుండా చెప్పారు. అదే మా పాడ్‌కాస్టు మొదటి భాగం. అప్పట్నుంచీ ఆదివారం రికార్డింగుంటే శనివారమే గడ్డం గీసుకునేవారు. వినేవాళ్లకి మొహం కనపడదు నాన్నా అంటే, "డ్యూటీ డ్యూటీయే అమ్మాయ్" అనేవారు.

మరుసటేడు ఓ కాలేజీవాళ్లు పిలిచి మాట్లాడించారు. శాలువా కప్పి మూడువేల రూపాయల చెక్కు ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ చెక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "టిక్కెట్టు కొట్టకుండా వచ్చిన మొదటి డబ్బు" అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఆపరేషన్ తప్పదన్నారు. అన్నీ కూడగట్టినా లక్షన్నర తక్కువ. అప్పుడే ఫోనొచ్చింది. మోకాళ్ల నొప్పులకు నూనె అమ్మే కంపెనీ వాళ్లట. నాలుగు భాగాల్లో నాన్న తన మాటల మధ్య, ఆ నూనె రాసుకున్నాక నొప్పులు పోయాయని చెబితే చాలట. నలభై వేలు.

కర్రసాయంతో నడిచే మనిషి చేత ఆ మాట చెప్పించాలి! ఛీ అని ఫోను పెట్టేశానని రాస్తే బాగుండేది. కానీ పెట్టెయ్యలేదు. ఆ రాత్రి కూర్చుని స్క్రిప్టు కూడా రాసేశాను. ఆపరేషన్ డబ్బే కదా, ఎవరికి మాత్రం నష్టం అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివారు. ఏమీ అనలేదు. పెన్సిలడిగి తీసుకుని, పైన అంచున ఒక ముక్క రాశారు. 'సొంత డబ్బు: 40,000 రూపాయలు'.

కండక్టర్ల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంతుందో కాగితం మీద రాయాలి. దారిలో చెకింగువాళ్లు ఎక్కి లెక్కపెడితే, రాసినదానికీ టిక్కెట్లకీ మించి ఉన్నదానికి జవాబు చెప్పుకోవాలి.

"ఇది పైన చదివి, ఆ తరవాత నూనె సంగతి చెబుతా. అదీ నేను రాసుకుని చూసి, గుణం కనపడితేనే. వాళ్లొప్పుకుంటారేమో కనుక్కో" అన్నారు.

కనుక్కున్నాను. ఒప్పుకోలేదు. అలా చెబితే వినేవాళ్లు నమ్మరట!

డబ్బు పుచ్చుకుని చెప్పేదైతే ప్రకటనేనని స్పష్టంగా తెలియజెయ్యాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నేను పత్రికలో పనిచేస్తున్నదాన్ని, నాకవి తెలుసు. తెలిసీ స్క్రిప్టు రాశాను. నాన్నకు అవేవీ తెలియవు. సొంత డబ్బు కాలమ్ తెలుసు.

అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి 2023లో ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్లకు పాడ్‌కాస్టు వినే ఒకాయన ఆడియో కథలకు స్క్రిప్టులు రాసిపెట్టమని అడిగారు. నన్నే ఎందుకని అడిగితే, మీ నాన్నగారు చెప్పేది నిజమనిపిస్తుందండీ అన్నారు. మళ్లీ ఆఫీసులో చెప్పి, ఆ పని చేస్తూ గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నూనె డబ్బు తీసుకుని ఉంటే ఈ పని వచ్చేదా? వచ్చేది కాదనే నా నమ్మకం. 'వల్ల' వచ్చే డబ్బుకు పెట్టుబడి ఆ నమ్మకమొక్కటే. దాన్ని నలభైవేలకు అమ్మేస్తే మళ్లీ కొనుక్కునే చోటుండదు.

మా అమ్మాయీ, మా అబ్బాయీ మొదలుపెడతానంటున్నారు, పెట్టించమంటారా అని అడిగేవాళ్లకు నా సలహా ఒకటే. ఉద్యోగం మానేసి మాత్రం వద్దు. ఎక్కువమందికి ఏమీ రాదు. వచ్చినా ఏళ్లు పడుతుంది. బాగా తెలిసిన ఒక్క విషయం పట్టుకుని, డబ్బు రాకపోయినా మానలేననిపిస్తేనే దిగమనండి. పని ఏ దారిన వస్తుందో ముందే తెలియదు గనక, ఎలా సంప్రదించాలో మాత్రం అందరికీ కనపడేలా పెట్టమనండి.

నాన్న ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. రికార్డింగుకు ముందు ఇప్పటికీ నవ్వుతూ అడుగుతారు, "జేబులో ఎంతుందో రాశావా అమ్మాయ్?" అని.

అన్నట్టు, ఈ వ్యాసానికి నాకు విడిగా వచ్చేదేమీ లేదు. నెల జీతంలోనే. రాసేశాను నాన్నా!