వణికే విండో

టైటిల్ బార్ పట్టుకుని విండోని పక్కకి లాగడం రోజుకి ఎన్నిసార్లు చేస్తామో లెక్కలేదు. ఆ పనంతా ఆపరేటింగ్ సిస్టమ్ చేసిపెడుతుంది కాబట్టి మనం పట్టించుకోం. టైటిల్ బార్ తీసేస్తే మాత్రం ఆ లెక్క మన నెత్తిన పడుతుంది.

మాది ఇచ్చోడ. నా రూమ్మేట్‌ది ఇంద్రవెల్లి వైపు ఒక గోండు గూడెం. గుంజాల గోండి లిపి గురించి మీలో కొందరు వినే ఉంటారు. మా ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో 2006లో వెలుగులోకి వచ్చిన రాతప్రతుల వల్ల బయటివాళ్ళకి తెలిసింది. 2018లో యూనికోడ్ 11.0లో 63 క్యారెక్టర్లతో చేరింది. కోడ్ ఉంది, ఫాంటూ ఉంది. కానీ మామూలు ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఆ అక్షరాలు కనిపించవు కదా!

మావాడి కాక సాయంత్రాలు గూడెం పిల్లలకి ఆ లిపి నేర్పిస్తాడు. ఒక్కో పిల్లకి ఒక్కో కాగితం చేత్తోనే రాసిస్తాడు. ఆయన కోసం మావాడు పైథాన్ టికింటర్‌లో ఒక నోట్‌ప్యాడ్, దాని మీద తేలే ఒక కీబోర్డు తయారుచేశాడు. చిన్న స్క్రీన్ కాబట్టి ఓవర్‌రైడ్‌రీడైరెక్ట్ పెట్టి కీబోర్డుకి టైటిల్ బార్ తీసేశాడు. లాగడానికి సొంత కోడ్ రాశాడు.

వారం తర్వాత ఫోన్ చేస్తే కాక నాతో అన్నమాట: "కీబోర్డు నేను రాసిన లైను మీదనే కూసుంటుంది బేటా. జరుపుదామంటే వణుకుతుంది. నా చెయ్యే వణుకుతుందేమో అని పక్కన పెట్టిన."

మావాడు పాత ల్యాప్‌టాప్ స్లో అయి ఉంటుందన్నాడు. కానీ మా హాస్టల్ సిస్టమ్‌లో కూడా అలాగే వణికింది. అప్పుడు విలువలు ప్రింట్ చేసి చూశాం.

విండో 300 దగ్గర ఉంది, మౌస్ స్క్రీన్ మీద 340 దగ్గర నొక్కాం అనుకోండి. విండో లోపల్నుంచి కొలిస్తే మౌస్ 40 దగ్గర ఉన్నట్టు. మౌస్ 350కి వెళ్తే లోపలి విలువ 50. తేడా 10, విండో 310కి జరిగింది. బాగానే ఉంది. ఇప్పుడు మౌస్ 351కి వెళ్తే? విండో ముందే జరిగింది కాబట్టి లోపలి విలువ 41. తేడా 1 మాత్రమే. కోడ్ దాన్ని మొదటి 300కి కలిపి విండోని 301కి వెనక్కి లాగేసింది. 352కి వెళ్తే మళ్ళీ 311. ఇదే ఆ వణుకు. కదులుతున్న వస్తువు మీద నిలబడి, అది ఎంత కదిలిందో కొలుస్తున్నాం.

మందు చిన్నదే. ఈవెంట్‌లో ఎక్స్ బదులు ఎక్స్‌_రూట్ వాడాలి. అది స్క్రీన్ అంచు నుంచి కొలుస్తుంది, స్క్రీన్ ఎక్కడికీ జరగదు. నొక్కినప్పుడు ఎక్స్‌_రూట్‌లోంచి విండో స్థానం తీసేసి ఆ 40ని దాచుకోవాలి. తర్వాత ప్రతిసారీ కొత్త ఎక్స్‌_రూట్‌లోంచి 40 తీసేస్తే చాలు: 310, 311, 312. నిలువుకీ ఇదే లెక్క. ఆ 40 కోసం ఎక్స్‌ని నేరుగా నమ్మకండి. అది మనం నొక్కిన బటన్ లేదా లేబుల్ అంచు నుంచి కొలుస్తుంది. విండో మొదటి తాకిడికే టక్కున గెంతుతుంది.

ఇంకొకటి కూడా మార్చాం. ముందు కీబోర్డులో ఎక్కడ పట్టుకున్నా జరిగేది. అక్షరం నొక్కబోయి వేలు కొంచెం జారితే మొత్తం కదిలేది. ఇప్పుడు పైన ఉన్న పట్టీని పట్టుకుంటేనే జరుగుతుంది.

మార్చింది నాలుగైదు లైన్లు. కానీ నాకు కాక మాటే గుర్తుండిపోయింది. మన ల్యాబ్‌లో విండో వణికితే బగ్ అంటాం. కంప్యూటర్ కొత్తగా ముట్టుకున్న మనిషి తన చేతిని అనుమానిస్తాడు, ఎవరికీ చెప్పకుండా మూసేస్తాడు. మనం ఫోన్ చెయ్యకపోతే ఆ బగ్ మనదాకా రాదు.

మొన్న కాక ప్రింట్ తీయించడానికి ఇచ్చోడ వచ్చాడు. పద్నాలుగు కాగితాలు, ఒక్కోదాని పైన ఒక్కో పిల్ల పేరు.