తొలకరి కబుర్లు: కుంట దగ్గర ఎవరెవరు మాట్లాడుతున్నారు

రోహిణిలో రోళ్లు పగిలినా, మృగశిర మాత్రం మాట నిలబెట్టుకుంది. రెండు వానలు గట్టిగా పడ్డాయి. విత్తనాల షాపుల ముందు పొద్దున్నుంచే జనం. నేరేడు పళ్ల బండ్లు వీధిలోకి వచ్చేశాయి. ఆరుద్ర పురుగులింకా కనబడలేదు, వాటి కార్తె రావాలిగా! వాన కోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడే పిల్లలకు ఈసారి పని పడలేదు.

అసలు సందడంతా చీకటి పడ్డాక, రోడ్డు పక్క కుంటలో. దూరం నుంచి వింటే ఒకటే రొద. గట్టు మీద కాసేపు నిలబడితే గొంతులు ఒక్కొక్కటే విడిపోతాయి.

అన్నిటికంటే పెద్ద గొంతు బావురు కప్పది. మామూలు రోజుల్లో పాచి రంగులో ఉండే మగకప్ప ఇప్పుడు ఒళ్లంతా పచ్చగా, మెరిసే పసుపులోకి మారిపోయింది. గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతున్నాయి. నోరు మూసుకునే అరుస్తుందది. ముక్కు రంధ్రాలు కూడా మూసేసి, ఊపిరితిత్తుల్లోని గాలిని స్వరపేటిక మీదుగా సంచిలోకి తోస్తుంది. ఆ గాలి మళ్లీ లోపలికే వెళ్తుంది, మళ్లీ పిలుపవుతుంది. పిలిచేది మగదే. ఆడది దాదాపు నోరు విప్పదు, విని ఎంచుకుంటుంది.

నాకు మాత్రం గడ్డి దుబ్బుల్లోని చిట్టి కప్ప మీదే మనసు. బొటనవేలి కొసంత ఉంటుంది, వీపు మీద ముదురు రంగు మచ్చ. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టుండే దాని పిలుపు కుంట అవతలి గట్టు దాకా వినిపిస్తుంది. టార్చి పక్కకు తిప్పి పట్టుకుని కదలకుండా కూర్చుంటే, గొంతు సంచి దాని తలకంటే పెద్దదిగా ఉబ్బడం కనిపిస్తుంది. అంత చిన్న ఒంటికి ఎంత కష్టం! కప్ప జీవితంలో ఇంతగా శక్తి ఖర్చయ్యే పనులు చాలా తక్కువ. అయినా తెరిపి లేకుండా పిలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే చాలా జాతుల్లో ఎక్కువసేపు, ఎక్కువసార్లు పిలిచినవాడి వైపే ఆడకప్ప మొగ్గుతుంది.

ఇన్ని గొంతుల్లో ఆమె తన వాణ్ని ఎలా పోల్చుకుంటుంది? ఒక్కో జాతి పిలుపుకు ఒక్కో శ్రుతి, ఒక్కో లయ. ఆమె చెవి తన జాతి శ్రుతికే బాగా స్పందిస్తుంది. మగవాళ్లూ తెలివైనవాళ్లే. చాలా జాతుల్లో పక్కపక్కనున్నవి ఒకదాని మీద ఒకటి పడకుండా వంతులేసుకుంటాయి.

పిలుపొక్కటే కాదు. హద్దులోకి ఇంకో మగది వస్తే గొంతు మారుతుంది, అది బెదిరింపు. తొందరలో ఒక మగది ఇంకో మగదాన్ని పట్టుకుంటే, కింద చిక్కినది పొట్టి పొట్టి అరుపులతో 'నేను ఆడదాన్ని కాదు, వదులు' అని చెప్పేస్తుంది. ఇక పాము నోట పడ్డ కప్ప నోరు తెరిచి పెట్టే కేక పల్లెలో పుట్టినవాళ్లెవరూ మరిచిపోరు.

పశ్చిమ కనుమల వాగుల్లో నీటి హోరుకు గొంతు చాలదని కొన్ని చిన్న కప్పలు వెనక కాలు చాచి ఊపుతాయి. వాటిలో ఏకంగా 14 కొత్త జాతులను 2014లో శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం ప్రకటించింది. వాటిని కళ్లారా చూడాలని నాకెంత కోరికో!

మన బావురు కప్పల విషయం వేరు. వాటి కాళ్లను ఒకప్పుడు టన్నులకొద్దీ విదేశాలకు పంపేవారు. 1987లో ఆ ఎగుమతిని కేంద్రం ఆపింది. ఇప్పటి ముప్పు కుంటలు పూడ్చి ప్లాట్లు వేయడం. నీళ్లు నిలిచే చోటే లేకపోతే గుడ్లెక్కడ పెడతాయి?

ఇంకో ముచ్చట. బాత్రూం గోడకు అతుక్కుని టక్ టక్‌మనే చెట్టు కప్ప ఈ రోజుల్లోనే తొట్టి అంచుకో, నీళ్ల పైకి వాలిన కొమ్మకో తెల్లటి నురగ ముద్ద పెడుతుంది. అందులో ఉన్నవి గుడ్లు. కొద్ది రోజుల్లో తోకకప్పలు నీళ్లలోకి జారతాయి. మీ తొట్టి దగ్గర కనిపిస్తే, అంతవరకూ దాన్ని కడిగేయకండి.