మోతీకి గలిగిన చర్మరోగము

మన పాఠశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శినిని భద్రపఱచు అలమారయందు, ఉల్లిపొర, ఆకుపొర మొదలగువాని గాజుపలకల నడుమ, పేరులేని పలక యొకటి గలదు. ఆడువారు గోళ్ళకు వేసికొను ఎఱ్ఱరంగుతో దాని యంచులు మూయబడి యున్నవి. ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతిలో చేరిన బాలబాలికలు "ఇది యేమి?" యని నన్ను పలుమాఱు లడుగుచున్నారు. అడిగిన ప్రతివారికిని చెప్పుటకు పాఠపు వేళ చాలదు. కావున సంచికా సంపాదకవర్గమువారు నన్ను వ్యాసమడిగినప్పుడు దీనినే వ్రాయుదునని యొప్పుకొంటిని. ఇందు నా గొప్ప యేమియు లేదని చదువరులు ముందుగనే తెలిసికొందురుగాక.

క్రిందటి సంవత్సరము నా తరగతికి మొయినాబాదు దిక్కునుండి బస్సులో వచ్చు బాలుడొక డుండెను. పేరు వ్రాయను. తండ్రి గొఱ్ఱెల కాపరి. ముప్పది గొఱ్ఱెలును, బంతిపూలు టమాటలు పండు ఎకరమున్నర చేనును వారికి జీవనాధారము. ఆ యింట మోతీ యను ఆడుకుక్క యుండెను. సన్నని నడుము, లోతైన ఱొమ్ము, పొడవైన కాళ్ళు, కోసుగానున్న మూతి. చూచినంతనే వేటజాతి యని తెలియును. గొఱ్ఱెలమందతో పడమటినుండి వచ్చిన బంధువొకడు దానిని కూనగా నిచ్చిపోయెనట. జాతి ముధోలుది. మన నిర్మల్ జిల్లాలోని ముధోలు గాదు; చేవెళ్ళమీదుగా పోవు బీజాపురపు బాటను పట్టి, బీజాపురమును దాటి యింకను పోగా, కర్ణాటకమున బాగల్కోట జిల్లాలో నున్న ముధోలు. ఆ సంస్థానము నేలిన మాలోజీరావు ఘోర్పడే ఈ జాతి కుక్కల జంటను ఐదవ జార్జి చక్రవర్తికి బహూకరించెను. 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖవారు నాలుగు దేశీయ జాతుల కుక్కల చిత్రములతో బిళ్ళలు వెలువరించిరి. వానిలో నిదియు నొకటి.

వేటజాతియే గాని వేట లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేడు కుందేటిని పట్టుటయు నేరమే. అదియుగాక మొయినాబాదు ప్రక్కనున్న చిలుకూరునందే 1994 నుండి మృగవని జాతీయోద్యానము గలదు. కావున మోతీ పని గొఱ్ఱెలచుట్టు తిరుగుటయు, చేనిగట్టుపై పరుగెత్తుటయు మాత్రమే. తాత మాత్రము తన చిన్ననాటి వేటల కథలు చెప్పుచుండగా, అది చెవులు నిక్కించుకొని వినునని బాలుడు చెప్పెడివాడు. దానికి పిల్లలు కలిగినచో ఒక్కొక్కదానికి మంచి వెల వచ్చునని తండ్రి లెక్క వేసికొని, ఇద్దరు ముగ్గురికి మాటయు నిచ్చియుండెను.

జూలై మాసమున, మోతీకి ఎనిమిది నెలలు నిండకముందే, కన్నులచుట్టు వెండ్రుకలు రాలి కండ్లద్దములు పెట్టుకొన్నట్లాయెను. మొదట అది యందఱకును నవ్వులాటగ నుండెను. దురద లేదు, తిండి మానలేదు. పిదప పెదవుల మూలలును, ముంగాళ్ళును బోడివయ్యెను. ఊరిలో ప్రతివానికిని ఆ రోగము పేరు తెలియును. ఇద్దరు చెప్పిన పేరు మాత్రము ఒక్కటి గాదు. ఒకడు గజ్జి యనెను. ఒకడు తామర యనెను. కప్పను నాకినదని యొకరును, కోడివ్యర్థములు తిని వేడిచేసిన దని యొకరును, దిష్టి తగిలిన దని పొరుగింటి ముసలమ్మయు చెప్పిరి. చెప్పినవారందఱును మందులు గూడ చెప్పిరి. వేపనూనె, కానుగనూనె, కొబ్బరినూనెలో గంధకము, ఇవన్నియు నైనపిదప ట్రాక్టరునుండి తీసిన కాలిన ఇంజను నూనెను పూసిరి. ఈ చివరిది మన పల్లెలలో కుక్కగజ్జికి తిరుగులేని మందని పేరుపొందినది. కుక్క దానిని నాకి మ్రింగును. అది కడుపునకును విషమే, చర్మమునకును విషమే. రెండు మాఱులు పూసిరి. ముంగాలిపై చర్మము కాలినట్లు ఊడిపోయి, పుండ్లు పడి, అప్పుడు దురదయు మొదలాయెను.

ఇక నా సంగతి. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్నవాడను. మొదట పరిశీలింపుము, పిదప ఊహింపుము, ఊహను పరీక్షింపుము, అటుతరువాతనే నిర్ణయింపుము అని యేటేట నల్లబల్లపై వ్రాయువాడను నేనే. ఆ బాలుడు తండ్రి సెల్‌ఫోనులో మోతీ చిత్రమును చూపినంతనే, నేను పరిశీలనను ఊహను పరీక్షను మూటిని దాటి, "ఇది గజ్జి" యని నిర్ణయము చెప్పితిని. అంతటితో నాగలేదు. ఒక మందులవాని సలహాపై, దురదను వెంటనే అణచు స్టిరాయిడు సూదిమందునకు డబ్బు నిచ్చితిని. మందు వేసిన మఱునాటికే దురద తగ్గెను. పది దినములు నేను మిక్కిలి సంతోషించితిని. ఆ పిదప రోగము మెడకును, వీపునకును, నాలుగు కాళ్ళకును అడవిమంటవలె ప్రాకెను. చర్మము మందమై నల్లబడెను. చీముపొక్కులు లేచి, సమీపింపరాని దుర్వాసన కలిగెను.

ఇంతలో ఆ బాలుని ముంజేతులపైనను మెడపైనను ఎఱ్ఱని దద్దులు కనబడెను. బల్లపై ప్రక్కనున్నవాడు జరిగి కూర్చుండెను. వాని ప్రక్కవాడును జరిగెను. ఇద్దరు తలిదండ్రులు నాయొద్దకు వచ్చి, కుక్కరోగము తమ బిడ్డల కంటునేమో యని భయపడిరి. వారి భయమును నేను తప్పుపట్టను. నేను చేసినది మాత్రము తప్పు. నయమగువఱకు నీవు వెనుక కిటికీయొద్ద ఒంటరిగ కూర్చుండుమని వానికి అందఱి యెదుటను చెప్పితిని. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల వైద్యశాలను నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారిని గూర్చి ప్రార్థనకూటమున పిల్లలకు చెప్పువాడను నేనే! లేవీయకాండము పదుమూడవ అధ్యాయమున, చర్మముపై మచ్చగలవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకముగ నుంచి మరల చూడవలెనను విధి గలదు. నేను ఏడు దినములు ప్రత్యేకముగ నుంచితిని గాని మరల చూడలేదు. ఎనిమిదవ దినమున ఆ బల్ల ఖాళీగ నుండెను.

నాలుగు దినములు చూచి, శనివారము సాయంకాలము వారి చేనికి పోతిని. చేని కంచె కావల తుమ్మచెట్టునకు మోతీ కట్టబడియుండెను. బాలుడు దానికి నాలుగడుగుల దూరమున మట్టిపై కూర్చుండియుండెను. నన్ను చూచి లేచెను గాని దగ్గఱకు రాలేదు. తండ్రి నాకు మంచము వాల్చి, మఱునాడు మోతీని ఆటోలో తీసికొనిపోయి గండిపేట దాటిన పిదప ఎక్కడనైన విడిచి వచ్చెదనని చెప్పెను. ఆతడు కఠినుడు గాడు. ముప్పది గొఱ్ఱెలకు రోగమంటినచో ఆ సంసార మేమగును? నాకు బదులు తోచక యూరకుంటిని. అప్పుడు బాలుడు అడిగిన ప్రశ్నను వాని మాటలలోనే వ్రాయుచున్నాను.

"సార్, మోతీది నాకంటిందా, నాది మోతీకంటిందా?"

నాకు తెలియదని చెప్పితిని. ఆ విషయమున నేను పలికిన మొదటి నిజము అదియే. రెండు దినములు గడువిమ్మని తండ్రిని వేడుకొని, సోమవారము సెలవు పెట్టి, ముగ్గురమును మోతీతో రాజేంద్రనగరమున నున్న పశువైద్య కళాశాల వైద్యశాలకు పోతిమి. ఆటోవాడు దుర్వాసనకు రెట్టింపు బాడుగ నడిగెను. న్యాయమే యనిపించి యిచ్చితిని.

అచ్చటి వైద్యురాలు వయస్సున నాకంటె చాల చిన్నది. మోతీని ముట్టకముందు పావుగంటసేపు ప్రశ్నలే యడిగెను. మొదట ఎక్కడ వెండ్రుకలు రాలెను? అప్పుడు దురద యుండెనా? ఇంట ఇతరుల కెవరికైన దురద గలదా? ఏయే మందులు వాడితిరి? ఇంజను నూనె మాట తండ్రి చెప్పెను. సూదిమందు మాట నేను చెప్పితిని. ఆమె కలము నాపి నావైపు చూచి, ఏమియు ననక మరల వ్రాసికొనెను.

పిదప గజ్జిపురుగునకై చెవి యంచులను పరీక్షించి, మోతీ చర్మమును మడతగ పట్టి గట్టిగ నొక్కి, నూనెచుక్క వేసిన మొద్దుకత్తితో నెత్తురు చెమర్చువఱకు గీకి, ఆ గీకినదానిని గాజుపలకపై నుంచెను. ఇట్లు అయిదు చోట్ల తీసెను. సూక్ష్మదర్శినిలో తాను చూచి, నన్ను గాక బాలుని పిలిచి చూపెను. వాడు కన్ను పెట్టి, "సార్, కాళ్ళు ఆడుతున్నయ్" అనెను.

నేనును చూచితిని. చుట్టవంటి సన్నని దేహము, ముందు భాగమున నాలుగు జతల పొట్టి కాళ్ళు, మిల్లీమీటరులో నాలుగవవంతు పొడవు. డెమోడెక్స్ కానిస్ యని దాని పేరు. వైద్యురాలు చెప్పినదాని సారాంశ మిది. గజ్జిపురుగు వేఱు, అది గుండ్రముగనుండి చర్మపు పైపొరలో సొరంగములు త్రవ్వును, కుక్కనుండి కుక్కకును మనుష్యునకును గూడ అంటును. ఇది వెండ్రుకల కుదుళ్ళలో నివసించును. ఆరోగ్యముగల కుక్కల యొడలిపైనను కొద్దిగ నుండును. పుట్టిన తొలిదినములలో పాలు త్రాగునప్పుడు తల్లినుండి పిల్లకు వచ్చును. మనుష్యుల కంటదు, గొఱ్ఱెల కంటదు, ఎదిగిన ఆరోగ్యముగల కుక్కల కంటదు. దేహములోని రక్షణశక్తి వానిని హద్దులో నుంచును. కొన్ని కూనలకు ఆ శక్తి వంశపారంపర్యముగ కొఱతపడగా అవి లెక్కకు మిక్కిలియై, కుదుళ్ళు పగిలి, చీము పట్టును. స్టిరాయిడు మందు ఆ కొద్ది శక్తినిగూడ అణగద్రొక్కును.

అనగా మోతీ యొడలిలో మొదటినుండియు నున్న పురుగులకు వాకిలి తెఱచినవాడను నేనే.

బాలుని చేతుల సంగతి మఱునాడే తేలెను. చేవెళ్ళలోని ప్రభుత్వ వైద్యుడు వాని దద్దులను చూచి యొకే ప్రశ్న యడిగెను: "చేనిలో వయ్యారిభామ గలదా?" ప్రతి ఉదయమును బంతిమళ్ళలోని ఆ కలుపును వట్టిచేతులతో పీకువాడు వీడే. ఆ మొక్క తగిలి కొందఱి చర్మము దద్దులెత్తునని నేను పాఠములోనే చెప్పియుంటిని. చేతికి తొడుగులును, పూతమందును వాడగా రెండు వారములలో తగ్గెను. మోతీది బాలుని కంటలేదు, బాలునిది మోతీ కంటలేదు.

మోతీకి మాత్రము మాసములు పట్టెను. పూర్వము ఈ రోగమునకు ఐవర్‌మెక్టిన్ యను మందును దినదినమును నెలలతరబడి యిచ్చెడివారట. జపానులో సతోషి ఓమురా మన్నునుండి సేకరించిన సూక్ష్మజీవిలో దాని మూలము దొరకెను. దానికై ఆయనయు విలియం క్యాంబెలును 2015లో నోబెలు బహుమతిని పంచుకొనిరి. ఇప్పుడు ఐసాక్సజోలిన్ వర్గపు మాత్రలు వచ్చినవి. నెలకొక మాత్ర, చీమునకు వారము వారము మందునీటి స్నానము. నెలనెలయు చర్మమును గీకి చూడవలెను. వరుసగ రెండు మాఱులు పురుగు కనబడనిదే మందు మానరాదు. మాత్రల వెల నేనే భరించితిని. నేనిచ్చిన సూదిమందు డబ్బుకు అది యెన్నో మడుగు లెక్కువ. ఆ వడ్డీ నాకు తగినదే.

కష్టమైన మాట యొకటి మిగిలెను. ఈ లోపము పిల్లలకును దిగును గనుక మోతీని ఈననీయరాదు, శస్త్రచికిత్స చేయింపవలెనని వైద్యురాలు చెప్పెను. తండ్రి తిరుగుదారిలో మొయినాబాదు వచ్చువఱకు మాటలాడలేదు. ఆటో దిగునప్పుడు, "రోగం పిల్లలనమ్మి ఊర్ల మొఖమెట్ల సూపిస్త సార్" అని మాత్రమనెను. ఇచ్చిన మాటల నన్నిటిని ఆతడే పోయి వెనుకకు తీసికొనివచ్చెను. ఆతని బదులు నేను పోయియుందునో లేదో చెప్పలేను.

డిసెంబరులో పురుగు కనబడలేదు. జనవరిలోను కనబడలేదు. కన్నులచుట్టు మొదట నూగువలె, పిదప దట్టముగ వెండ్రుకలు వచ్చెను. ఇంజను నూనె కాల్చిన ముంగాలి మచ్చ మాత్రము ఇప్పటికిని బోడిగనే యున్నది.

బాలుడు సెప్టెంబరులోనే బడికి మరల వచ్చెను. ఆ దినమున నేను తరగతి యెదుట నిలువబడి, రెండు రోగముల నిజమును, నేను చేసిన రెండు తప్పులను చెప్పి, వానిని ముందుబల్లకు రమ్మంటిని. వాడు రాలేదు. కిటికీయొద్ద గాలి బాగున్నదనెను. నేను బలవంతపెట్టలేదు. మధ్యాహ్నము చూచునప్పటికి మఱి యిద్దరు ఆ బల్లపైకి చేరి, చోటు చాలక త్రోసికొనుచుండిరి.

వైద్యురాలు ఆ మొదటి పలకలలో నొకదానిని, యంచులు మూసి, బాలుని చేతికిచ్చి పంపెను. తరగతి యంతయు వరుసగ నిలిచి దానిని చూచిరి. కొందఱు చూచిన వెంటనే చేతులు కడుగుకొనబోయిరి. అప్పుడు వారికి మఱియొక సంగతి చెప్పితిని. ఈ పురుగునకు జ్ఞాతులు మనుష్యుల ముఖములపైనను, ముఖ్యముగ ముక్కు ప్రక్కల కుదుళ్ళలో కాపురముండును. 1842లోనే బెర్లినులో గుస్తావ్ సైమన్ వానిని వర్ణించెను. మనకు సాధారణముగ ఏ హానియు చేయవు. నలుబదిమంది ఒక్కమాఱుగ ముక్కులు తడవికొనిరి. వయస్సుతోపాటు అవి పెరుగును, బాలురకంటె పెద్దవారిలో విస్తారమని చెప్పగానే, అందఱును తమ ముక్కులను విడిచి నా ముక్కువైపు చూచిరి.

ఆ పలకకు చీటి వ్రాసి యంటింపుమని బాలునికి చెప్పి చాలకాలమైనది. కుక్క పేరు వ్రాయవలెనో, పురుగు పేరు వ్రాయవలెనో తోచుటలేదని ఇంకను తేలేదు.