నాయనమ్మకు సీటేదీ?

తెనాలిలో ఓ బడి మాస్టారి ఇల్లు. ఇంట్లో ఆరుగురు. మాస్టారు, ఆయన భార్య, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, తాతయ్య, నాయనమ్మ. వాకిట్లో 2010లో కొన్న ఆల్టో. కాగితాల ప్రకారం అది అయిదుగురి బండి. కాబట్టి ఎక్కడికి బయల్దేరినా ఒకరు ఆగిపోవాలి. ఆ ఒకరు ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లో ఏనాడూ తలెత్తలేదు. ఎవరూ అడక్కముందే నాయనమ్మ అనేసేది: "మీరు వెళ్లిరండ్రా. ఇంటికి ఎవరో ఒకరుండాలిగా!"

2024 శ్రావణంలో నాయనమ్మ తమ్ముడి మనవరాలి పెళ్లి వచ్చింది. భీమవరం దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్ల రోజులు కావడంతో రైలు టికెట్లు దొరకలేదు. బస్సు మెట్లు ఆవిడ ఎక్కలేదు. ఆల్టోలో మోకాళ్లు ముడుచుకుని దాదాపు 140 కిలోమీటర్లు కూర్చోవడమూ ఆవిడ వల్ల కాదు. టాక్సీ మాట్లాడతానంటే "ఆరేడు వేలు తగలేస్తావట్రా?" అని కొడుకును కసిరింది. "ముహూర్తానికి మీ నాన్న ఉండాలి, ఆ ఇంటికి పెద్ద బావగారు. పిల్లలు సరదా పడుతున్నారు. నేను సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తాలే" అంది. సంక్రాంతి రాకముందే, కార్తీకంలో, ఆ తమ్ముడు పోయాడు. ఆ రోజు టాక్సీ డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్దకర్మ అయ్యి ఇంటికొచ్చిన రాత్రి మాస్టారు భార్యతో అన్నారు: "అందరం పట్టే బండి చూద్దాం."

డబ్బు సంగతి తేలిగ్గానే తేలింది, ఎందుకంటే పెద్దగా లేదు కనుక. చీటీ పాడితే నాలుగు లక్షలు, ఆల్టో అమ్మితే ఎనభై తొంభై వేలు. అమ్మాయి ఇంజినీరింగు ఫీజులు ఎదురుగా ఉన్నాయి కాబట్టి అప్పు మాటే వద్దనుకున్నారు. మొత్తం అయిదు లక్షల లోపు. కొత్తది ఆ డబ్బుకు రాదు. పాతదే చూడాలి.

విజయవాడ ఆటోనగర్‌లో మాస్టారి దగ్గర చదువుకున్న కుర్రాడొకడు మెకానిక్‌గా స్థిరపడ్డాడు. అతను చెప్పిన మొదటి మాట: "అయిదు లక్షలున్నాయని అయిదు లక్షల బండి చూడకండి మాస్టారూ. అరవై వేలు పక్కన పెట్టి, అది లేదనుకోండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్చి, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి... పాత బండి ఇంటికొచ్చాక కూడా అడుగుతూనే ఉంటుంది." సంబరంగా ఉన్నంత డబ్బూ బండికే పోసేసి, నెల తిరక్కుండా క్లచ్చి ప్లేట్ల కోసం బంగారం తాకట్టు పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఆదివారాల్లో వేట మొదలైంది. ఏడు సీట్ల బండి అనగానే అందరి నోటా ఇన్నోవా. 2005లో మన దేశానికి వచ్చినప్పటి నుంచీ పెద్ద కుటుంబాలకు అదో మొక్కు లాంటిది. కానీ పదేళ్లు దాటిన బండికి కూడా ఆరేడు లక్షలు చెప్పారు. వీళ్ల డబ్బుకు అందే ఇన్నోవా ఒకటి గుంటూరులో కనిపించింది. మీటరు లక్షా పది వేలు చూపిస్తోంది. బ్రేకు పెడలు మీది రబ్బరు చూస్తే అరిగి నున్నగా ఉంది, డ్రైవరు సీటు ఒక పక్కకు దిగిపోయింది. ఆర్సీ చరిత్ర తీస్తే ఒకప్పుడు ట్రావెల్స్ బండి, పసుపు బోర్డు తీసి తెల్లబోర్డు వేయించారు. అలా మార్చడం చట్టవిరుద్ధమేమీ కాదు. అయితే ఆ బండి ఎంత తిరిగిందో మీటరు కన్నా పెడలు రబ్బరే నిజం చెబుతుంది.

తర్వాత జైలో చూశారు. లోపల నిజంగానే ఇల్లంత చోటు. తాతయ్య వెనక వరస దాకా వెళ్లి కూర్చుని "భేష్" అన్నారు. నాయనమ్మ మాత్రం తలుపు పట్టుకుని ఒక కాలు ఎత్తి, మళ్లీ దించేసింది. "బాగానే ఉందిరా అబ్బాయ్, మీరు కొనుక్కోండి" అంది. బొలెరో ఒకటి బేరానికి వచ్చింది. దాని వెనక సీట్లు పక్కకు తిరిగి ఎదురెదురుగా ఉంటాయి. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి హైవే మీద పోవడానికి తల్లి మనసు ఒప్పలేదు.

ఇంటికొచ్చాక మాస్టారి భార్య ఓ పని చేసింది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. నాయనమ్మ ఎవరి సాయం లేకుండా కూర్చుని లేచే పాత నవారు మంచం ఎత్తు కొలిచింది. 23 అంగుళాలు. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలి నుంచి వీపు దాకా కొలిచింది. ఆవిడ కాలు నొప్పి లేకుండా ఎంత ఎత్తు లేస్తుందో గుమ్మం మెట్టు దగ్గర చూసింది. అన్నీ జాకెట్టు కొలతల పుస్తకంలోనే రాసుకుంది. "మనిషిని కొలవకుండా గుడ్డ కోస్తామాండీ?" అని అడిగింది మొగుణ్ని.

ఆ రోజు నుంచీ వేట తీరే మారిపోయింది. అంతకుముందు ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని సీట్లు?" ఇప్పుడు ముందు టేపు తీస్తారు. నేల నుంచి సీటు ఎత్తెంత? తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుంది? మధ్య సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందా? ఏడు సీట్ల బండిలో ఏడుగురూ ఒకలాగే కూర్చోరు. మూడో వరస చాలా బండ్లలో పిల్లల కోసమే. పెద్దవాళ్లు అక్కడ కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. మూడో వరస వాడుకుంటే డిక్కీ మాయమవుతుంది. 2012లో వచ్చిన మొదటి ఎర్టిగాలో మూడు వరసలూ ఎత్తి ఉంచితే సామాను చోటు 135 లీటర్లే. రెండు చేతిసంచులూ ఓ మంచినీళ్ల డబ్బా పడితే గొప్ప. ఆరుగురూ వెళ్లాలి, ఆరుగురి పెట్టెలూ వెళ్లాలి అంటే పైన క్యారియర్ తప్పదు. బండి అమ్మేవాడు మూడో వరస మడిచేసి ఉన్న డిక్కీని చూపిస్తాడు. అది ఎత్తించి చూడాలి.

అయినా కొలతలకు దగ్గరగా వచ్చింది ఎర్టిగాయే. కారులా కిందకు ఉంటుంది, జీపులా ఎక్కనక్కర్లేదు. సీటు ఎత్తు నాయనమ్మ మంచానికి రెండు మూడంగుళాలే తేడా.

ఇక డీజిలా, పెట్రోలా? తాతయ్యది డీజిల్ పక్షం. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది కాబట్టి పాత డీజిల్ ఎర్టిగాకు గిరాకీ ఇంకా పెరిగింది, లక్ష దాకా ఎక్కువ చెబుతున్నారు. మాస్టారు లెక్కల మనిషి. వాళ్ల బండి నెలకు 400 కిలోమీటర్లకు మించి తిరగదు. అప్పట్లో లీటరు పెట్రోలు 109, డీజిల్ 97 రూపాయల చుట్టూ ఉంది. పెట్రోలు బండి 14, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తుందనుకున్నా నెలకు మిగిలేది వెయ్యి రూపాయల లోపే. ఎక్కువ పెట్టిన లక్ష తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు. అప్పటికి బండే ఉండదు. తాతయ్య కాగితం చూసి కళ్లజోడు తీసేశారు.

ఫిబ్రవరిలో విజయవాడలో ఒక 2016 ఎర్టిగా దొరికింది. తెల్లగా మెరిసిపోతోంది. ధర మాత్రం మార్కెట్టు కన్నా డెబ్భై వేలు తక్కువ. అమ్మాయి అప్పుడే ముందు సీట్లో కూర్చుని ఫొటో దిగింది. మెకానిక్ కుర్రాడు ఇంజను జోలికే వెళ్లలేదు. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. ఎప్పుడూ బయటకు రాని ఆఖరి జానెడు మీద మట్టి చార. సీటు కింద పట్టాల మీద తుప్పు. కాళ్ల దగ్గర తివాచీ మూల ఎత్తితే ముక్కిన వాసన. లోపల అంత గట్టిగా సెంటు ఎందుకు కొట్టారో అప్పుడర్థమైంది. "బుడమేట్లో మునిగి తేలింది మాస్టారూ" అన్నాడు మెల్లగా. 2024 సెప్టెంబరు వరదలో విజయవాడలో వేల వాహనాలు నీళ్లలో నానాయి. కడిగి ఆరబెట్టినవి ఆ తర్వాత నెలల తరబడి బేరాలకు వస్తూనే ఉన్నాయి. నీళ్లు తాగిన వైరింగు కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఓ రాత్రి నడిరోడ్డు మీద చేతులెత్తేస్తుంది. అమ్మాయి ఫోనులోంచి ఫొటో తీసేసింది.

మరొకాయన ఢిల్లీ బండి తెప్పిస్తానన్నాడు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద అప్పట్లో ఆంక్షలు ఉండటంతో బండ్లు చవకగా వచ్చేవి. ఆ చవక అంతా మనదాకా రాదు. అక్కడి నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్‌టాక్స్ కట్టాలి, నంబరు మార్పించాలి. అన్నీ కలిపితే మిగిలేది ముప్పై వేలు. దానికి నెల రోజుల తిరుగుడు. వద్దనుకున్నారు.

చివరికి మార్చిలో, ఒంగోలులో, ఓ రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఇంట్లో దొరికింది. 2014 పెట్రోలు ఎర్టిగా, 78 వేల కిలోమీటర్లు. పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్నారు, బండి ఎక్కేవాళ్లు లేరు. మెకానిక్ ముందే ఫోన్ చేయించాడు, తాము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వేడెక్కిన ఇంజను తన రోగాలు దాచుకుంటుంది. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది. తాళం తిప్పగానే అందుకుంది, పొగలో నీలం రంగు లేదు. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెట్టు లేదు. తలుపు రబ్బరు ఊడదీసి అంచున ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూశాడు. టైర్ల మీద నాలుగంకెలు చదివాడు: 3618. అంటే 2018లో 36వ వారం తయారు. అరుగుదల తక్కువే ఉన్నా రబ్బరు ముసలిదైపోయింది, నాలుగూ మార్చాలి. సర్వీసు కాగితాలు ఫైలులో తేదీల వారీగా ఉన్నాయి. బ్యాంకాయన ఫైలు కదా!

ఆ ఫైలులోనూ ఓ లోటు ఉంది. లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు తాకట్టు అలాగే ఉండిపోయింది. మాస్టారు ఇరవై వేలు బయానా ఇచ్చి, అది తీయించాకే మిగతాది అన్నారు. పెద్దాయన నొచ్చుకున్నారు. "నన్ను నమ్మరా?" అన్నారు. "మిమ్మల్ని నమ్మబట్టే బయానా ఇస్తున్నానండీ" అన్నారు మాస్టారు. తాకట్టు తీయించడానికి రెండు వారాలు పట్టింది. బేరం నాలుగు లక్షల ముప్పై వేలకు కుదిరింది.

పేరు మార్పిడి విషయంలో మాత్రం ఈసారి తొందర పెట్టింది అమ్మిన పెద్దాయనే. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బండి అమ్మి, సంతకం పెట్టిన ఫారాలు ఇచ్చేసి మర్చిపోయేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లో మార్పించుకోవాలి. పాత యజమానికున్న నో క్లెయిమ్ రాయితీ బండితో రాదు, ఆయనతోనే ఉంటుంది. ఆ తేడా కట్టాల్సొచ్చింది. టైర్లు, క్యారియర్, ఇన్సూరెన్సు, రవాణా ఆఫీసు ఖర్చులన్నీ కలిపి పక్కన పెట్టిన అరవై వేలలో యాభై రెండు వేలు ఖర్చయ్యాయి.

ఆ బండికి రిజిస్ట్రేషన్ గడువు 2029 దాకా ఉంది. ఆ తర్వాత పరీక్ష చేయించి, రుసుము కట్టి, అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. నాలుగేళ్లకు ఎంత పెట్టామన్నది మాస్టారు లెక్కేసుకున్నారు. భార్య లెక్క వేరు: రెండేళ్లలో అమ్మాయి హాస్టలుకు పోతుంది, అబ్బాయి పొడుగైపోయి మూడో వరసలో పట్టడు. ఆరుగురూ ఒకే బండిలో కూర్చునే కాలం అంతకన్నా ఎక్కువ లేదు.

ఉగాది వెళ్లిన తర్వాతి ఆదివారం ప్రయాణం పెట్టుకున్నారు. నాయనమ్మ తమ్ముడి ఊరికే. మరదల్ని చూసి రావాలి. ముందు సీట్లో తాతయ్య, మధ్య వరసలో ఎడమ పక్క తలుపు దగ్గర నాయనమ్మ, ఆవిడ పక్కన కోడలు, వెనక పిల్లలు. నాయనమ్మ సీటు మీద ముందు కూర్చుని, రెండు కాళ్లూ కలిపి నిదానంగా లోపలికి తిప్పుకుంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేసే పనే, తిరగేసి. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

బండి స్టార్ట్ చేసి కూడా అయిదు నిమిషాలు కదల్లేదు. వీధి తలుపుకు వేయడానికి తాళంకప్ప కనిపించలేదు. ఇల్లంతా వెతికారు. అలాంటిది ఆ ఇంట్లో ఎప్పుడూ అవసరం పడలేదని అప్పుడు గుర్తొచ్చింది. అబ్బాయి పరుగెత్తి సందు చివరి కొట్లో నూట ఎనభై రూపాయలకు ఒకటి కొనుక్కొచ్చాడు. వేసి, తాళంచెవి నాయనమ్మ చేతికిచ్చాడు.