నాన్న షుగర్ ఫైల్లో లేని సంగతి

మా శ్రీకాకుళం వైపు యాభై దాటినవాళ్లు ఇద్దరు బస్టాండులో కలిస్తే, పిల్లల సంగతి అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: "సుగరెంతుంది?" ఒకాయన నూట ఎనభై అంటాడు, ఇంకొకాయన రెండొందల పది అంటాడు. పరీక్ష మార్కులు చెప్పుకున్నట్టే ఉంటుంది. ఎక్కువొచ్చినాయనకి చుట్టూ ఉన్నవాళ్లంతా మాస్టార్లే. ఒకరు కాకరకాయ రసం అంటారు, ఒకరు మెంతులు అంటారు, మూడోవాళ్లు చోడి అంబలి అంటారు. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగరు.

మా నాన్న నిజంగానే మాస్టారు. పాలకొండ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పదకొండేళ్లు. ప్రతి రిపోర్టూ తేదీ ప్రకారం ఫైల్లో పెట్టుకునే మనిషి. అలాంటాయన రెండేళ్ల కిందట ఒక్కొక్కటే వదిలేయడం మొదలెట్టారు. ముందు పొద్దుటి నడక పోయింది. తర్వాత గ్లూకోమీటరు బీరువాలోకి వెళ్లిపోయింది. పేపరు మడత విప్పకుండానే బల్ల మీద ఉండిపోయేది. శుక్రవారం వేసుకోవాల్సిన మాత్ర సోమవారం కూడా డబ్బాలోనే కనిపించేది. అప్పట్లో నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను కాబట్టి ఇవన్నీ నా కంట పడ్డాయి. హైదరాబాద్‌లో ఉండుంటే ఫోన్లో "బాగానే ఉన్నానురా" అనే మాట తప్ప ఇంకేమీ వినేవాణ్ణి కాదు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.2 నుంచి 9.8కి పోయింది. మావయ్య వచ్చి గట్టిగానే అన్నాడు, "ఏటి బావా, ఊరందరికీ సెప్పినోడివి, నీకు సెప్పాలేటి? బేగి లేసి నాలుగడుగులు ఎయ్యలేవా?" అప్పుడు చూస్తున్న డాక్టరుగారు రిపోర్టు చూసి, డోసు పెంచి, తిండి తగ్గించమని రాశారు. తర్వాతి పేషెంటు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ అంది, "తగ్గించడం కాదురా, తినడమే మానేస్తన్నారు. రాత్రి రెండింటికి లేచి గుమ్మంలో కూర్చుంటన్నారు." ఇది ఏ రిపోర్టులోనూ లేదు.

ఒక సాయంత్రం నాన్నే అన్నారు, "ఎంత చేసినా ఆఖరికి కిడ్నీలే కదరా." ఈ మాట బరువు మా జిల్లావాళ్లకి తెలుస్తుంది. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ గురించి వినని ఇల్లుండదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారంటే అక్కడి అవసరం ఎంతో అర్థం చేసుకోవచ్చు. నిజానికి ఉద్దానం జబ్బు షుగర్ లేనివాళ్లకి కూడా వస్తోంది, దాని కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినడం వేరే సంగతి. ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూసుకుంటే దాన్ని ముందే పట్టుకుని నెమ్మదింపజేయొచ్చు. కానీ భయానికి ఈ తేడా తెలియదు. నాన్నతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు డయాలసిస్ మీద రెండేళ్లుండి పోయారు. గ్లూకోమీటరు బీరువాలోకి వెళ్లింది ఆ తర్వాతే. అంకె చూడటమంటే ఆయనకి శిక్ష వినడంలా అయిపోయింది.

దీనికి ఇంకోటి తోడైంది. మన దగ్గర ప్రేమంటే పెట్టడమే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అత్తయ్యవాళ్లింటికి వెళ్తే, అందరి విస్తట్లో బూరెలు పడ్డాయి. నాన్న దగ్గరికొచ్చేసరికి "అన్నయ్యకొద్దు, సుగరు" అని నలుగురూ ఒకేసారి అరిచారు. మంచికే అన్నారు. కానీ అరవై రెండేళ్ల మనిషి, ఒకప్పుడు ఊరికి పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా అందరి ముందూ చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆయన మరే పెళ్లికీ వెళ్లలేదు. సంక్రాంతికి అరిసెలు, పోకుండలు వండుతుంటే పెరట్లోకి వెళ్లి కూర్చున్నారు.

అప్పుడే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, లేనివాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపని చాలా పరిశోధనల్లో తేలింది. ఇది రెండు వైపులా నడిచే దారి. మనసు కుంగితే ఒంట్లో కార్టిసోల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం రక్తంలోకి ఎక్కువ గ్లూకోజు వదులుతుంది. నడక, మాత్రలు, నిద్ర దెబ్బతింటాయి. షుగర్ పెరిగితే నీరసం, భయం పెరిగి మనసు ఇంకా కుంగుతుంది. దీర్ఘకాలపు దిగులు వల్లే ఈ జబ్బు వస్తుందని ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ సుమారు 350 ఏళ్ల కిందటే రాశాడు. అది మొత్తం నిజం కాదు గానీ, రెండింటికీ చుట్టరికం ఉందని అప్పుడే గమనించాడు.

మరి ఎందుకు దొరకదు? రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి. నీరసం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, ఏకాగ్రత లేకపోవడం అన్నీ షుగర్ ఖాతాలో పడిపోతాయి. మాత్రలు మానేస్తే 'లెక్కలేనితనం' అనే పేరు పడుతుంది. మా మావయ్య తిట్టింది ఒక జబ్బు లక్షణాన్ని.

అందులో మళ్లీ తేడాలున్నాయి. రోజూ లెక్క చూసుకుని, ఆచితూచి తిని విసిగిపోవడం ఒకటి. దీన్ని డాక్టర్లు 'డయాబెటిస్ డిస్ట్రెస్' అంటారు. ఆ విసుగు షుగర్ చుట్టూనే తిరుగుతుంది. డిప్రెషన్ అలా కాదు, మనవడి ఫోనూ పేపరూ పాత శిష్యుడి పలకరింపూ అన్నీ రుచి పోతాయి. నాన్నకి వచ్చింది ఈ రెండోది.

దారి చూపింది మాత్రం మన పక్కనే ఉన్న విశాఖపట్నం. షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందితో మన దేశంలో నాలుగు క్లినిక్కుల్లో ఒక పరిశోధన చేశారు. అందులో ఒకటి విశాఖలోని ఎండోక్రైన్ అండ్ డయాబెటిస్ సెంటర్. ఫలితాలు 2020లో 'జామా' అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. కొందరికి మామూలు వైద్యమే అందింది. మిగతావాళ్లకి అదనంగా ఒక కోఆర్డినేటరు ఉన్నారు. ఆయనో ఆమో డాక్టరు కాదు. పేషెంటుతో మాట్లాడుతూ, మనసు సంగతీ షుగర్ సంగతీ కలిపి అడిగి, కంప్యూటర్లో ఎక్కించి, నిపుణులతో చర్చించి మందులు మార్పించడమే వాళ్ల పని. ఏడాది ఇలా చేసి, ఇంకో ఏడాది గమనించారు. డిప్రెషన్ లక్షణాలు కనీసం సగం తగ్గి, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఒకటైనా చెప్పుకోదగ్గంత మెరుగైనవాళ్లు మామూలు వైద్యంలో 57.4 శాతం, కోఆర్డినేటరు ఉన్న గుంపులో 71.6 శాతం. సాఫ్ట్‌వేర్‌ వాణ్ణి కాబట్టి, ఇందులో కంప్యూటర్ ప్రోగ్రాం ఉందనగానే నాకు ఉత్సాహం వచ్చింది. కానీ చదివేకొద్దీ అర్థమైంది, పని చేసింది అడిగే మనిషి. ప్రోగ్రాం ఆ మనిషికి గుర్తు చేసిందంతే.

నాన్నని విశాఖ తీసుకెళ్లాం. "నాకేం పిచ్చా?" అని రెండు వారాలు మొరాయించారు. "షుగర్ తగ్గకపోవడానికి కారణం వెతకడానికే" అంది అమ్మ. అది అబద్ధం కాదు. అక్కడ ముందు థైరాయిడ్, బీ12 చూశారు. షుగర్‌కి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, దానివల్లా నీరసం, దిగులు రావొచ్చు. నాన్నకి కొంచెం తక్కువే ఉంది. తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. లెక్కల మాస్టారు కదా, మార్కులు తనే కూడుకున్నారు. 27కి 16. "ఈ పరీక్షలో ఎక్కువ రాకూడదన్నమాట" అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది.

మందు పని చేయడానికి నాలుగు వారాలు పట్టింది. కౌన్సెలింగ్ కొన్నాళ్లు ఫోన్లోనే సాగింది. మొన్నటి హెచ్‌బీఏ1సీ 7.9. కొన్ని రోజులు ఇప్పటికీ మంచం దిగరు. అయితే అలాంటి రోజున "ఇవాళ బాగోలేదురా" అని చెప్తారు. మా ఇంట్లో అది చాలా పెద్ద మార్పు. పెళ్లిళ్లకి కూడా వెళ్తున్నారు. విస్తట్లో ఏం వేయించుకోవాలో ఆయన్నే తేల్చుకోనివ్వమని మావయ్యకి అమ్మ చెప్పింది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? చాలా రోజులు అలా ఉందంటే డాక్టరుకి చెప్పాల్సిందే. "ఇక బతికేం లాభం" లాంటి మాట వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలీమానస్ 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈసారి చెకప్‌కి వెళ్లేటప్పుడు ఫైల్లో ఒక తెల్లకాగితం కూడా పెట్టండి. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఏ పని మానేశారు, దేనికి భయపడుతున్నారు అని నాలుగు లైన్లు రాసి, డాక్టరు అడగకపోయినా అన్నిటికంటే పైన అదే ఇవ్వండి.