చీటీ రాశాక చెప్పే మాట

ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. నలభై దాటాయి. షుగరు చూపించుకోడానికి వచ్చాడు. రిపోర్టులు బాగానే ఉన్నాయి, చీటీ రాయడం కూడా అయిపోయింది. లేచి తలుపు దాకా వెళ్లినవాడు ఆగి, "సార్, ఇంకో చిన్న విషయం..." అన్నాడు. బయట కూర్చున్న భార్యకు వినబడుతుందేమోనని గొంతు తగ్గించాడు. ఏడాదిగా దాని మీద ధ్యాసే లేదట. బయట ఇంకెవరైనా ఉన్నారా అని ఇంట్లో ఆమె నిలదీస్తోందట.

హార్మోన్ల డాక్టరుకి ఆ 'చిన్న విషయం' కొత్త కాదు. మగవాళ్లు అసలు సంగతి చెప్పేది చీటీ చేతికి వచ్చాకే. ఆయన వ్యాపారిని మళ్లీ కూర్చోబెట్టి, వేసుకుంటున్న మాత్రలన్నీ చెప్పమన్నారు. షుగరుకొకటి, బీపీకొకటి. "అంతేనా?" అంటే, "అంతే సార్. గ్యాస్ మాత్రొకటి ఉందిగానీ, అదేం మందు కాదులెండి" అన్నాడు.

తీరా చూస్తే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ గ్యాస్ మాత్రలో రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ కలిసి ఉంది. ఎవరో డాక్టరు పది రోజులకు రాసిచ్చారు. ఆ పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో ఏడాది పాటు కొంటూనే ఉన్నాడు. లెవోసల్పిరైడ్, డొంపెరిడోన్ లాంటి మందులు రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతాయి. అది పెరిగితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే ఆదేశాలు తగ్గుతాయి. అప్పుడు టెస్టోస్టెరాన్ పడిపోతుంది, కోరికా చల్లారుతుంది. వ్యాపారి రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ మామూలుకంటే చాలా ఎక్కువగా ఉంది. ఆ మాత్ర మాన్పించి, కడుపుమంటకు వేరే మాత్ర ఇచ్చారు. తర్వాత షుగరుకు వచ్చినప్పుడు చీటీ రాశాక ఆయన తలుపు దగ్గర ఆగలేదు.

మగవాడిలో కోరిక తగ్గిందనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది 'శక్తి'. రైలు పట్టాల పక్క గోడలు, బస్టాండు మరుగుదొడ్లు ఆ శక్తిని అమ్మే ప్రకటనలతో నిండిపోయి ఉంటాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడం 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా గోడ మీద సున్నం మారుతోందేగానీ రాత మారడం లేదు. డాక్టరు దృష్టిలో కోరిక తగ్గడం జ్వరం లాంటిది. అదొక లక్షణమే, జబ్బు వేరేచోట ఉంటుంది.

ఆ వేరేచోటు ఒక్కోసారి చాలా దూరంలో ఉంటుంది. ముప్పై అయిదేళ్ల ఆటో డ్రైవరు ఒకతను తలనొప్పని వచ్చాడు. కళ్లద్దాలు మార్చినా తగ్గలేదు. మాటల్లో, ఈ మధ్య బండి పక్కలకు గీసుకుంటోందని, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి తగిలించానని చెప్పుకున్నాడు. ఓనరు తాగి తోలుతున్నావని తిట్టాడట. ఇతను చుక్క ముట్టడు. డాక్టరు ఎదురుగా నిలబడి, తన ముక్కు వైపే చూడమని చెప్పి, చేతివేళ్లను రెండు పక్కల నుంచీ మెల్లగా ముందుకు తెచ్చారు. వేళ్లు బాగా లోపలికి వచ్చేదాకా అతనికి కనబడలేదు. రెండు కళ్లలోనూ బయటి వైపు చూపు పోయింది. అప్పుడు అడిగారు, "భార్యతో ఎలా ఉంటున్నావయ్యా?" అని. అతను తల దించుకున్నాడు. రెండేళ్లయిందట. పని అలసట అనుకున్నాడట.

ఎంఆర్ఐ తీస్తే పిట్యూటరీలో గడ్డ కనబడింది. ప్రొలాక్టిన్‌ని తెగ ఉత్పత్తి చేసే గడ్డ అది, క్యాన్సర్ కాదు. పెరిగి పెరిగి, పైన ఉన్న కంటి నరాల కూడలిని నొక్కుతోంది. ఇలాంటి గడ్డ ఆడవాళ్లలో అయితే నెలసరి ఆగిపోతుంది కాబట్టి చిన్నగా ఉన్నప్పుడే బయటపడుతుంది. మగవాళ్లకు తొలి సూచన కోరిక తగ్గడమే. దాన్ని ఎవరికీ చెప్పరు గనక, చూపు దెబ్బతినేదాకా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఇంత ప్రమాదంగా కనబడే జబ్బుకి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. క్యాబర్గోలిన్ అనే మాత్ర వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే గడ్డ కుంచించుకుపోతుంది. ఈ డ్రైవరుకు ముందు చూపు మెరుగైంది, తర్వాత తలనొప్పి పోయింది. మిగతాది మెల్లగా తిరిగొచ్చింది.

అందరికీ ఇలాంటి గడ్డలుండవు. ఎక్కువమందిలో కారణం నడుము చుట్టూ ఉంటుంది. పొట్ట దగ్గరి కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. షుగరు తోడైతే టెస్టోస్టెరాన్ మరింత తగ్గుతుంది. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. వాళ్లలో ఎంతమంది మగవాళ్లను ఏ డాక్టరైనా కోరిక గురించి అడిగి ఉంటాడు?

నిద్ర సంగతి వేరే చెప్పాలి. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు, కొత్తగా పెళ్లయింది, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ రాయమని వచ్చాడు. పగలు నాలుగైదు గంటలకు మించి పడుకోడట. ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని వారం పాటు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని అమెరికాలో చేసిన చిన్న అధ్యయనమొకటి 2011లో తేల్చింది. ఈ కుర్రాడికి డాక్టరు ఇంజెక్షన్ రాయలేదు, షిఫ్టు మార్చుకోమన్నారు. అతను మొహం మాడ్చుకునే వెళ్లాడు.

ఇంజెక్షన్ ఎందుకు రాయలేదో జిమ్ముకెళ్లే మరో యువకుడి కథ చెబుతుంది. ట్రైనరు మాట విని కండలకని టెస్టోస్టెరాన్ పొడిపించుకున్నాడు. పిల్లలు కలగడం లేదని పరీక్ష చేయిస్తే వీర్యకణాలు సున్నా. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే పిట్యూటరీ ఆదేశాలివ్వడం మానేస్తుంది, వృషణాలు పని ఆపేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే హార్మోన్‌ని మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించి చూసింది కూడా! మానేశాక కణాలు సాధారణంగా తిరిగొస్తాయి గానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. గవదబిళ్లలు వృషణాలకు పాకి దెబ్బతిన్నవాళ్లకు, పుట్టుకతోనే క్లైన్‌ఫెల్టర్ లోపం ఉన్నవాళ్లకు టెస్టోస్టెరాన్ చికిత్స నిజంగా అవసరం. వాళ్ల విషయంలో సందేహించాల్సిన పని లేదు.

ఆర్టీసీ కండక్టరు ఒకాయన సమస్య వేరు. ఆయనకు కోరిక పోలేదు, అంగస్తంభన పోయింది. నాలుగుసార్లు అవమానపడ్డాక అసలు ఆ ఊసే తప్పించుకోవడం మొదలుపెట్టాడు, మంచం కూడా వరండాలోకి మార్చాడు. 1998లో మార్కెట్లోకొచ్చిన సిల్డెనాఫిల్ కోరికను పుట్టించదు, రక్తప్రసరణను మాత్రమే పెంచుతుంది. డాక్టరు ఆ మాత్ర రాసేముందు గుండె పరీక్షలు చేయించారు. ఎందుకంటే స్తంభన సమస్య గుండె రక్తనాళాల జబ్బుకి ముందస్తు సూచన కావచ్చు. అన్నీ చూశాకే మాత్ర ఇచ్చారు. మంచం మళ్లీ గదిలోకి వచ్చింది.

ఇంకా చాలామంది ఉన్నారు. డిప్రెషన్ మాత్రలతో మనసు కుదుటపడి కోరిక మాత్రం పోయినవాళ్లు, రెండేళ్లకోసారి గల్ఫ్ నుంచి జగిత్యాలకు వచ్చి భార్యతో కొత్తవాడిలా మసలేవాళ్లు, రెండు గదుల ఇంట్లో అమ్మానాన్నల పక్కన పడుకునే దంపతులు. ఆ చివరివాళ్లకు ఏ పరీక్షా అక్కర్లేదు, తలుపున్న గది కావాలి. "వయసైపోయింది కదా, రామా కృష్ణా అనుకో" అని పంపేసే డాక్టర్లూ ఉన్నారు. ఆటో డ్రైవరుకు ఆ మాటే చెప్పి ఉంటే అతనికి చూపు దక్కేది కాదు.

మీకో, మీవాళ్లకో ఈ ఇబ్బంది ఉంటే కుర్చీలో కూర్చోగానే చెప్పండి. టెస్టోస్టెరాన్ పరీక్షను పొద్దున్నే, పది గంటల లోపు, పరగడుపున చేయించండి. తక్కువొస్తే మరో రోజు మళ్లీ చేయించండి, ఒక్క రిపోర్టుతో చికిత్స మొదలుపెట్టించుకోకండి. డిప్రెషన్ మాత్రలు, బీపీ మాత్రలు సొంతంగా ఆపకండి, మార్చేందుకు వేరే మందులున్నాయి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు సిల్డెనాఫిల్ జోలికి వెళ్లొద్దు, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసి తీసుకెళ్లండి. జుట్టు రాలకుండా వాడే మాత్ర, పొరుగాయన ఇచ్చిన చూర్ణం, గ్యాస్ మాత్ర, ఏదీ వదలొద్దు.