హీరోగారి వీపు, మా నాన్నగారి బ్రేకులు

నేనూ సినిమాలో నటించానండోయ్! నవ్వకండి. పోస్టర్లలో నా పేరు వెతక్కండి, ఉండదు. తెర మీద కనిపించింది నా వీపు ఒక్కటే, అదీ హీరోగారి కోటు తొడుక్కుని. మొత్తం మూడు సెకన్లు. ఆ మూడు సెకన్ల సంగతి మాత్రం మూడు రీళ్ళకు సరిపడా ఉంది.

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. 1977 మోడల్, మార్క్ 3, తెల్లది. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. నాన్నగారు కొన్నారు. నేను పుట్టినప్పుడు అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ బండే. ఆ బండిలో ఒక్క నట్టు మార్చాలన్నా నాన్నగారి అనుమతి కావాలి. ఆయన దృష్టిలో అది బండి కాదు, నాకు అన్నయ్య!

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ తర్వాత పాతకాలం కథలు తీసే సినిమావాళ్ళకి మా అన్నయ్య మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. అద్దెకిచ్చేవాణ్ణి. ఒక్కటే షరతు, నడిపేది నేనే. అలా 2016లో అనంతగిరి ఘాట్ రోడ్డుకి వెళ్ళాను. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారి. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒక పక్క కొండ, ఇంకో పక్క కాఫీ తోటలూ లోయా.

షాటు చాలా తేలిక. హీరోగారు కోపంగా కారులో కొండ దిగాలి. మలుపు దగ్గర గుర్తు పెట్టిన రాయి పక్కన సర్రున ఆపాలి. లాంగ్ షాట్ కాబట్టి హీరోగారు కారవాన్‌లో ఉన్నారు, ఆయన కోటు నా ఒంటి మీద ఉంది. చెప్పొద్దూ, ఆ కోటు వేసుకోగానే నా మెడ దానంతటదే నిటారుగా నిలబడింది!

మొదటి టేకు... స్పీడు చాల్లేదన్నారు. రెండోది... మబ్బు అడ్డొచ్చింది. మూడోదానికి ఎవరో ఫ్రేములోకి వచ్చారు. నాలుగోది బాగానే వచ్చింది గానీ డైరెక్టరుగారికి ఇంకొకటి కావాలట. ప్రతిసారీ దిగడం, గట్టిగా బ్రేకు కొట్టడం, వెనక్కి తిప్పి మళ్ళీ పైకెక్కడం. నాలుగోసారి ఎక్కుతుంటే కాలిన వాసన ముక్కుకు తగిలింది. కాసేపు ఆగుదామందామనుకున్నాను. కోటు ఆగనివ్వలేదు.

అయిదో టేకులో రాయి కనిపించగానే బ్రేకు తొక్కాను. పెడలు రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం తన మానాన తాను పోతోంది. ఇంకా తొక్కాను. ఊహూ. రాయి దాటిపోయింది. మలుపు అవతల యూనిట్ కుర్రాళ్ళు ముగ్గురు రోడ్డు మీద కూర్చుని టీ తాగుతున్నారు. హారన్ నొక్కుతూనే మూడో గేరు నుంచి రెండోదానికి లాగాను, గేర్‌బాక్సు కుయ్యోమంది. మొదటి గేరు పడనే లేదు. కుర్రాళ్ళు గ్లాసులు వదిలేసి దూకారు. నేను స్టీరింగు కొండవైపు తిప్పేసి, మట్టిగట్టుకి ఎడమ పక్క రాసుకుంటూ హ్యాండ్ బ్రేకు లాగాను. బండి ఆగింది. ఎడమ కాలు ఆగలేదు, పావుగంట సేపు వణుకుతూనే ఉంది.

బ్రేకులు విరగలేదు, తెగలేదు, ఆయిలు కారలేదు. అరగంట చల్లారాక మళ్ళీ పడ్డాయి, మహా బుద్ధిమంతుల్లా! దీని గుట్టు తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రీ విప్పి చెప్పాడు. మూతపెట్టిన గిన్నె లాంటిది డ్రమ్ము. దాని లోపల రెండు షూలు బయటికి ఒత్తుకుని రాపిడితో చక్రాన్ని ఆపుతాయి. ఆ రాపిడికి పుట్టిన వేడి గిన్నెలోనే ఉండిపోతుంది. వేడెక్కిన లైనింగుకి పట్టు పోతుంది, కాళ్ళతో ఎంత తొక్కినా జారుతుంది. డ్రమ్ము కూడా వ్యాకోచించి షూలకి దూరంగా జరుగుతుంది. టన్నుకి పైబడిన బండిని నాలుగుసార్లు వెంటవెంటనే ఆపిన వేడి ఎక్కడికి పోతుంది? వాగు దాటాక బ్రేకు పట్టకపోవడం అంబాసిడర్ నడిపినవాళ్ళందరికీ తెలుసు. తడికొకసారి, వేడికొకసారి మొరాయిస్తుందన్నమాట.

"డిస్కు వేయించుకో" అన్నాడు మేస్త్రీ. డిస్కులో చక్రంతోపాటు ఒక పళ్ళెం తిరుగుతుంది. క్యాలిపర్ దాన్ని రెండువైపులా ప్యాడ్లతో పటకారులా పట్టుకుంటుంది. పళ్ళానికి మూత లేదు కాబట్టి వేడి గాలికి పోతుంది. స్టీవ్ మెక్వీన్ నటించిన 1971 నాటి 'లె మాన్స్' చూసిన మిత్రులకి ఆ ఇరవైనాలుగు గంటల రేసు తెలిసే ఉంటుంది. 1953లో అదే రేసుని జాగ్వార్ సి-టైపు కార్లు గెల్చుకోవడానికి డిస్కు బ్రేకులే పెద్ద కారణం. ప్రత్యర్థులకంటే ఆలస్యంగా బ్రేకు వేసి, తెల్లవార్లూ అలాగే ఆపగలిగారు. 1964లో 'గోల్డ్‌ఫింగర్'లో జేమ్స్‌బాండ్ నడిపిన ఆస్టన్ మార్టిన్‌కి నాలుగు చక్రాలకీ డిస్కులే. మనం ఈల వేసింది ఎగిరిపోయే సీటుకి. బ్రేకుకి ఎవడు ఈల వేస్తాడు చెప్పండి?

అసలు చిక్కు నాన్నగారితో వచ్చింది. ఘాట్ రోడ్డు సంగతి ఆయనకి చెప్పలేదు, ఎడమ పక్క గీతలు గోడకి తగిలాయన్నాను. "షూటింగువాళ్ళు డిస్కు బ్రేకులు అడుగుతున్నారు నాన్నా" అని ఇంకో అబద్ధం అతికించాను. ఆయన పేపరు దించలేదు. "ఆ బ్రేకులు నలభై ఏళ్ళు మనల్ని మోశాయిరా. వాటికేం తక్కువైంది?" అన్నారు. రెండు నెలలు బతిమాలాను. ఆఖరికి, "సరే, కానీ పాత డ్రమ్ములు అమ్మకు. అటక మీద పెట్టు. నేను పోయేలోపు మళ్ళీ వేయించాలి" అన్నారు.

అంబాసిడర్‌లోనే తర్వాత వచ్చిన మోడళ్ళకి ముందు చక్రాలకు డిస్కులున్నాయి. ఆ సామాను ఆటోనగర్‌లో పాత బండి నుంచి సంపాదించాం. పళ్ళేలు తెచ్చి బిగిస్తే అయిపోతుందనుకున్నాను, పిచ్చివాణ్ణి! డ్రమ్ములో షూని తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కుంటుందట, కాలికి సగం పని తగ్గుతుంది. డిస్కులో ఆ సాయం లేదు. అందుకని ఇంజను పీల్చే గాలితో పనిచేసే బూస్టరు పెట్టాలి. పాత మాస్టర్ సిలిండరూ పనికిరాదు. డ్రమ్ముల కోసం అది పైపుల్లో కాస్త ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. దాన్నే డిస్కుకి కలిపితే ప్యాడ్లు పళ్ళాన్ని వదలకుండా రాసుకుంటూ కాలిపోతాయి. కొత్త సిలిండరులో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ దారులు వేరు. ఒకటి కారినా రెండోది కాస్తుంది. వెనక డ్రమ్ములు మాత్రం అలాగే ఉంచాం, హ్యాండ్ బ్రేకు అక్కడే కదా. పైపులు మార్చి, బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి, దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీశారు. నేను పెడలు తొక్కుతూ ఉన్నాను, కింద నుంచి మేస్త్రీ "తొక్కు... పట్టు... వదులు" అంటూ ఉన్నాడు. ఆ డైరెక్షనే నాకు నచ్చింది, ఒక్క రీటేకు అడగలేదు!

(నన్ను చూసి మీరు స్పానర్ పట్టుకోకండి. బండి స్వరూపం మార్చడానికి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. తెలిసిన మేస్త్రీ చేతనే చేయించండి.)

పరీక్షకి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని కోటప్పకొండ వెళ్ళాం. దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు కింద రేకుని తొక్కుతోంది, అక్కడ పెడలు లేకపోయినా. నాలుగు మలుపులయ్యాక కాలు వెనక్కి తీసుకున్నారు. "కాస్త ఎక్కువ పడుతున్నాయి" అన్నారు. అది మెచ్చుకోలో, ఫిర్యాదో తెలియలేదు. చక్రాలకి పాత మెరుపు కప్పులే బిగించాం కాబట్టి బయటికి ఏ తేడా లేదు.

మరుసటేడు ఆ సినిమా విడుదలైంది, కొన్నాళ్ళకి టీవీలో వచ్చింది. నా షాటు వస్తోందని అందర్నీ కూర్చోబెట్టాను. డైరెక్టరుగారు నాలుగు టేకులూ వదిలేసి అయిదోదే ఉంచారు. కోపంలో ఉన్న హీరో ఆగకుండా వెళ్ళిపోవడం బావుందనిపించిందట! కారు కెమెరాని దాటి, మలుపు తిరిగి మాయమైంది. అమ్మ చప్పట్లు కొట్టింది.

నాన్నగారు కుర్చీలో ముందుకు వంగారు.

"ఒరే, వెనక ఎర్రలైటు వెలుగుతోందేంట్రా?"

"బ్రేకు తొక్కాను కదా నాన్నా."

"అది కాదు. లైటు వెలుగుతూనే ఉంది. బండి ఆగలేదు."

నేనేం మాట్లాడలేదు. తెర మీద పాట మొదలైంది. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే అటక కింద నిలబడి నన్ను పిలిచారు. "ఆ గోనెసంచి దించు. పాతసామాన్లవాడు వచ్చే వేళైంది."